ఇంజనుకూ ఆయుర్దాయం

విమానం నేల విడిచి లేచేటప్పుడు ఇంజన్లు వున్న బలమంతా వుపయోగిస్తాయని మనం అనుకుంటాం. చాలాసార్లు అది నిజం కాదు. రన్‌వే పొడుగ్గా వుండి, విమానంలో బరువు తక్కువగా వుంటే, పైలట్లు కావాలనే బలం తగ్గించి లేస్తారు. చేతిలో వున్న శక్తిని వాడకపోవడం ఎందుకు?

కారణం వేడి. జెట్ ఇంజను గాలిని లోపలికి పీల్చి, నొక్కి, అందులో ఇంధనం మండిస్తుంది. ఆ వాయువు తాకిడికి టర్బైను చక్రం తిరుగుతుంది. వాయువు ఎంత వేడెక్కితే అంత బలం. కాని చక్రం అంచునవున్న రెక్కలు నిమిషానికి వేలసార్లు తిరుగుతూ, కొలిమిలో ఇనుములా కాగుతూ వుంటాయి. అటువంటి స్థితిలో లోహం వెంట్రుకవాసి చొప్పున సాగుతూ పోతుంది. రెక్క వేడి మరో 10, 15 డిగ్రీలు పెరిగితే చాలు, దాని ఆయువు దాదాపు సగమైపోతుందని ఇంజనీర్ల లెక్క!

1944లో యుద్ధంలోకి దిగిన జర్మన్ జెట్ విమానం మెస్సర్‌ష్మిట్ 262 సంగతి చూడండి. నికెల్, క్రోమియం కరువై, దాని ఇంజన్లలో చాలాభాగం మామూలు ఉక్కుతోనే సరిపెట్టారు. అవి పాతిక గంటలు పనిచేస్తే గొప్ప. పైలట్ తొందరపడి ఒక్కసారిగా ఇంధనం పెంచితే ఇంజను కాలిపోయే ప్రమాదం కూడా వుండేది.

నేటి ఇంజన్లు వేల గంటలు పనిచేస్తున్నాయి. వాటిలోని వాయువు వేడి, రెక్కల లోహం కరిగే వేడిని సయితం మించిపోతుంది. అయినా రెక్కలు కరగవు. వాటిని బోలుగా చేసి, కాస్త చల్లని గాలిని సన్నని రంధ్రాలగుండా వదులుతారు. ఆ గాలే రెక్కకు దుప్పటి. పైగా రెక్క మొత్తాన్ని ఒకే స్ఫటికంగా పోతపోస్తారు. అతుకులేని లోహం అంత సులువుగా సాగదు. హైదరాబాదులోని రక్షణశాఖ లోహ పరిశోధనశాల ఇలాంటి రెక్కలు తయారుచేసిందనీ, హెలికాప్టరు ఇంజను కోసం 60 రెక్కలను హిందూస్థాన్ ఏరోనాటిక్సుకు అందించిందనీ 2021లో ప్రకటించారు.

ఇంత చేసినా పొదుపు తప్పదు. మండుటెండలో, నిండుబరువుతో, పొట్టి రన్‌వే మీద లేవవలసివస్తే పూర్తి బలం వాడవలసిందే. మధ్యలో ఒక ఇంజను ఆగిపోతే రెండోదానిలో మిగిల్చిన బలం అక్కరకు వస్తుంది. జీతం రాళ్లన్నీ మొదటి వారంలోనే ఖర్చుచేయని గృహస్థుకు ఈ సూత్రం ఎవరూ నేర్పనక్కరలేదు.

ఈసారి మీరెక్కిన విమానం తాపీగా లేచిందనిపిస్తే కంగారుపడకండి. అది ఇంజను నీరసం కాదు, పైలట్ పొదుపు!