లక్ష్యం కౌన్సిల్‌ది, తాపీ బిల్డర్‌ది

ఇంగ్లండ్‌లో ఏ స్థానిక కౌన్సిల్‌ను కదిపినా ఇప్పుడు ఇళ్ల లెక్కే వినిపిస్తోంది. అయిదేళ్లలో 15 లక్షల ఇళ్లు కట్టిస్తామని 2024 ఎన్నికల్లో లేబర్ పార్టీ మాట ఇచ్చింది. అధికారంలోకి రాగానే, ఆ ఏడాది డిసెంబరులో నిబంధనలు మార్చి కౌన్సిళ్ల ఇళ్ల లక్ష్యాలను మళ్లీ తప్పనిసరి చేసింది. ఆ లక్ష్యాలన్నీ కలిపితే ఏడాదికి సుమారు 3.7 లక్షల ఇళ్లు. 2023-24లో నికరంగా చేరినవి మాత్రం దాదాపు 2.21 లక్షలే.

లక్ష్యం వేసే పద్ధతిలో తప్పేమీ లేదు. కౌన్సిల్ పరిధిలో ఉన్న ఇళ్లలో 0.8 శాతాన్ని మొదటి లెక్కగా తీసుకుంటారు. జీతాలతో పోలిస్తే ఇళ్ల ధరలు మండిపోతున్న చోట దాన్ని పెంచుతారు. చిక్కంతా ఆ తర్వాతే. కౌన్సిల్ చేతిలో ఉన్నది ప్రధానంగా అనుమతి. కట్టేది ఎక్కువగా ప్రైవేటు బిల్డర్. అతను పని మొదలుపెట్టకపోయినా, నత్తనడక నడిపించినా ప్రభుత్వం పెట్టే ‘హౌసింగ్ డెలివరీ టెస్ట్’లో తప్పేది కౌన్సిలే. మూడేళ్ల అవసరంలో 95 శాతం అందుకోకపోతే సంజాయిషీతో కార్యాచరణ ప్రణాళిక రాయాలి. 75 శాతానికి దిగువకు పడిపోతే, తన ప్రణాళికలో లేని స్థలాలకు వచ్చే దరఖాస్తులను కూడా కాదనడం కష్టమవుతుంది. ఆలస్యం చేసింది బిల్డరైనా శిక్ష కౌన్సిల్‌కు, కొత్త అనుమతులు బిల్డర్‌కు!

అనుమతి చేతికొచ్చాక కూడా ఎందుకు కట్టరు? ఈ ప్రశ్నకు 2018లో ఎంపీ ఆలివర్ లెట్విన్ సమీక్ష సూటిగా జవాబిచ్చింది. ఆయన పరిశీలించిన భారీ స్థలాలు పూర్తికావడానికి మామూలుగా 15 ఏళ్లకు పైగా పడుతోంది. స్థానిక మార్కెట్లో ధర దిగకుండా ఎన్ని ఇళ్లు అమ్ముడుపోతాయో అన్నే కట్టడం బిల్డర్ల లెక్క. వ్యాపారిగా వాళ్లకది సబబే. ధర దిగాలని కోరుకునే ప్రభుత్వం, దిగకుండా చూసుకునేవారి చేతిలోనే అంతా పెట్టి కూర్చోవడం సబబు కాదు.

ఒకప్పుడు ఇలా లేదు. ఏడాదికి 3 లక్షల ఇళ్లన్న హామీని 1953లో బ్రిటన్ గృహనిర్మాణ మంత్రి హెరాల్డ్ మాక్‌మిలన్ నిలబెట్టుకున్నారు. వాటిలో అధిక భాగం కౌన్సిళ్లు కట్టించినవే. 1980 చట్టంతో అద్దెకున్నవారికే తగ్గింపు ధరకు కౌన్సిల్ ఇళ్లు కొనుక్కునే హక్కు వచ్చింది. ఇంగ్లండ్‌లో దాదాపు 20 లక్షల ఇళ్లు అలా చేజారాయి. వచ్చిన డబ్బుతో మళ్లీ కట్టకుండా ఆంక్షలు అడ్డుపడ్డాయి. ఇవాళ 13 లక్షల కుటుంబాలు సామాజిక గృహాల వరుసలో నిలబడి ఉన్నాయి.

కౌన్సిళ్లు కడిగిన ముత్యాలని కాదు. 2022 చివర్లో లక్ష్యాలను సడలిస్తామని అప్పటి ప్రభుత్వం సంకేతమివ్వగానే పలు కౌన్సిళ్లు తమ ప్రణాళికలను అటకెక్కించాయి. ఇప్పటికే ఇళ్లున్నవారి అభ్యంతరాలే కౌన్సిలర్ల చెవికి ఎక్కుతాయి. ఇంకా ఆ ఊరికి రానివారికి అక్కడ ఓటుండదు. లండన్‌లోని ఈస్ట్‌హామ్‌లో, హౌన్స్‌లోలో గదులు పంచుకుంటూ అద్దెలకు సగం సంపాదన పోస్తున్న మన పిల్లల గోడు ఏ సమావేశంలోనూ వినపడదు. అందుకే లక్ష్యాలు ఉండి తీరాలి.

డబ్బు, స్థలం ఉంటే కౌన్సిల్ ఏం చేయగలదో నార్విచ్ చూపించింది. గోల్డ్‌స్మిత్ స్ట్రీట్‌లో అక్కడి కౌన్సిల్ కట్టించిన వందకు పైగా అద్దె ఇళ్లకు 2019లో బ్రిటన్ అత్యున్నత వాస్తుశిల్ప పురస్కారం స్టర్లింగ్ ప్రైజ్ దక్కింది. తలుపుకు ఉత్తరాల కోసం సందు పెడితే చలిగాలి లోపలికొస్తుందని, పోస్టు డబ్బాను వాకిలి బయటి గోడలో అమర్చారు. పెరళ్ల వెనక సందును పిల్లలు ఆడుకోవడానికి వదిలారు. అద్దెకుండేవారి హీటింగ్ బిల్లు దగ్గర నుంచి ఆలోచించి కట్టిన ఇళ్లవి.

కౌన్సిళ్లు అప్పు తెచ్చుకోవడంపై ఉన్న పరిమితిని 2018లోనే ఎత్తేశారు. ఇళ్లు అమ్మగా వచ్చే సొమ్మంతా తమ దగ్గరే ఉంచుకునే వీలు 2024లో కల్పించారు. ఇవి చాలవు. స్థలాన్ని సరసమైన ధరకు సేకరించే అధికారం, నిలకడైన నిధులు, సరిపడా ప్లానింగ్ సిబ్బంది కౌన్సిళ్లకు ఇవ్వాలి. అనుమతి పొందిన బిల్డర్‌కు గడువు పెట్టాలి, దాటితే జరిమానా వేయాలి. అవేవీ చేయకుండా లక్ష్యాన్ని పెంచి, కౌన్సిళ్లను దోషులుగా నిలబెట్టడం ప్రభుత్వం తన బాధ్యత నుంచి తప్పుకోవడమే.