“బాగుంది” అంటే చాలదు

మన షోలాపూర్‌ల పెద్దనాయిన అమ్మే చద్దర్ల కోసం నా మొదటి వెబ్ పేజీ చేసిన. “ఎట్లుంది?” అని అడిగితే దోస్తులందరూ “బాగుంది” అన్నరు. సంబరపడ్డ. నాయిన మాత్రం, “మగ్గం దిగిన బట్టను వెలుతురుకు పట్టి చూస్తం బిడ్డా. మెచ్చుకుంటే తప్పు దొరకదు” అన్నడు.

మర్నాడు ప్రశ్న మార్చిన: “నీ ఫోన్‌ల తెరిచి, చద్దర్ ధర వెతుకు.” క్లాసు దోస్తు తడుముకుంది. అక్షరాలు చీమలంత! హెచ్‌టీఎంఎల్‌లో వ్యూపోర్ట్ లైను రాయడం మరిచిన. అది లేకుంటే ఫోను పేజీని కంప్యూటర్ తెరంత వెడల్పు అనుకొని కుదిస్తది. లేత బూడిద అక్షరాలైతే ఎండలో అమ్మకు కనబడనే లేదు. రెండూ సరిచేసిన.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, “ఎట్లుంది” అనకండి. ఒక పని చెప్పి, పక్కన కూసొని, మాట్లాడకుండ చూడండి. వాళ్లు ఆగిన చోటే మన తప్పు ఉంటది.