బొమ్మ ముందు ఐదు నిమిషాలు

పేరున్న చిత్రకారుడి స్టూడియోకి కొత్త బొమ్మలు చూడ్డానికని వెళ్తాం. చూసేది మాత్రం ఆయన్ని! ఒక సెల్ఫీ, "దీని అర్థమేంటి సార్?" అని ఒక ప్రశ్న, వెంటనే బస్సు. మన శాఖ ఈసారి ఇంజంబాక్కంలోని చోళమండలం వెళ్తే (వెళ్లాలనే నా కోరిక) ఈ పద్ధతి మార్చుకోవాలి.

1966లో కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు కలిసి కట్టుకున్న కళాకారుల ఊరది. పూట గడవడానికి బాతిక్ గుడ్డలు, చేతిపనులు చేసి అమ్మారు. కొనేవాళ్ల ఇష్టానికి బొమ్మ వేయాల్సిన గతి పట్టకూడదనే కదా అంత పాటు! అలాంటి చోట మన మొదటి మాట "రేటెంత?" అయితే ఏం బాగుంటుంది?

పణిక్కర్ గారి 'వర్డ్స్ అండ్ సింబల్స్' వరస బొమ్మల్లో అక్షరాల్లాంటివి బారులు తీరి ఉంటాయి. చదవబోతే ఒక్క ముక్కా చదవలేం. తెలుగు శాఖ వాళ్లకి ఇది పెద్ద పరీక్షే, అక్షరం కనిపిస్తే మనం ఊరుకోం కదా. అర్థం పక్కన పెట్టి, గీత ఎక్కడ ఒత్తుగా ఉందో, ఎక్కడ పలచబడిందో చూడాలి. అచ్చుబొమ్మలో అది తెలీదు. ఆరని రంగు వాసనా అంతే, స్టూడియోలోనే.

కాబట్టి ఫోన్లు సంచిలో పెట్టేద్దాం. తలా ఒక బొమ్మ ముందు ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడదాం. సెల్ఫీ ఆ తర్వాత, అదీ ఆయన సరేనంటేనే.