మెరిసే పెయింటు కింద పుచ్చిపోయిన రేకు

పాత కార్ల పిచ్చి మన సాఫ్ట్‌వేర్ జనాల్లో బాగానే ఉంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే కొందరు ఫ్లాటు కొంటారు, కొందరు కెమెరా కొంటారు, ఇంకొందరు చిన్నప్పుడు ఎక్కిన ప్రీమియర్ పద్మినినో, అంబాసిడర్‌నో వెతుక్కుంటూ పోతారు. నేనూ ఆ మూడో రకమే. అందులో తప్పేం లేదు. కానీ మనవాళ్ళు ఆ కార్లని బాగు చేయించే పద్ధతి మీదే నాకో పేచీ ఉంది. ముందు పెయింటు, తరవాత సీటు కవర్లు, ఆ తరవాత మ్యూజిక్ సిస్టమ్. కింద రేకు సంగతేంటి అని అడిగితే "అదంతా టింకర్ చూసుకున్నాడండీ" అంటారు. ఏం చూసుకున్నాడో, ఎలా చూసుకున్నాడో మాత్రం ఎవరూ అడగరు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. కారు బరువు మోసే ఇనుము తుప్పు పడితే, దాన్ని కోసి పారేసి కొత్త ఇనుము అతకాలి. అంత ఓపికా డబ్బూ లేకపోతే ఆ కారుని పోర్టికోలో పెట్టుకుని చూసుకోండి, రోడ్డెక్కించకండి. మధ్యేమార్గం లేదు.

ఇంత కచ్చితంగా ఎందుకంటున్నానంటే... పాత జీపుకీ, లారీకీ కింద విడిగా ఛాసిస్ ఉంటుంది. బాడీ కాస్త పుచ్చినా ఛాసిస్ గట్టిగా ఉంటే బండి నిలబడుతుంది. మన ఫియట్ 1100, దాని వారసురాలు పద్మిని, 1950ల చివరి నుంచి 2014 దాకా ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ అలాంటివి కావు. వీటికి బాడీయే ఛాసిస్. డోర్ల కింద అటూ ఇటూ పొడుగ్గా పెట్టెలాగా ఉంటుందే, షెడ్డుల్లో రన్నింగ్ బోర్డ్ అంటారు, అది అందానికి పెట్టింది కాదు. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య కారు నడుం వంగకుండా పట్టుకునేది అదే. ఫ్లోరు, దాని కింది క్రాస్ మెంబర్లు, వెనక కమాను కట్టలు వేలాడే హ్యాంగర్లు, ముందు సస్పెన్షన్ బిగించే చోట్లు, ఇవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటేనే అది కారు.

తుప్పుకి కావల్సింది ఇనుము, నీళ్ళు, గాలి. ఉప్పు తోడైతే పని ఇంకా త్వరగా అవుతుంది. అందుకే విశాఖ, కాకినాడ బండి అంటే కొనేవాళ్ళు రెండుసార్లు ఆలోచిస్తారు. హైదరాబాదు బండి కదా, భయం లేదనుకుంటాం. కానీ అద్దం చుట్టూ రబ్బరు ఎండకి పగిలి, వాన నీళ్ళు కార్పెట్ కిందకి చేరితే ఏ ఊరైనా ఒకటే. రన్నింగ్ బోర్డ్ అడుగున నీళ్ళు పోయే కన్నాలు మట్టితో పూడుకుపోతే తుప్పు లోపలి నుంచి తింటూ వస్తుంది. బయట పెయింటు మీద చిన్న బుడగ కనిపించేసరికి లోపల కథ ముగిసిపోయి ఉంటుంది. సర్వర్ పడిపోయిన రోజున మనకి తెలుస్తుంది గానీ, మెమరీ లీక్ ఎప్పుడో మొదలైనట్టు అన్నమాట.

మా ఆఫీసులో ఒకాయన అద్దంలా మెరిసిపోయే పద్మిని కొన్నారు. ఒకరోజు పంక్చరైతే జాకీ పెట్టి లేపబోయారు. చక్రం లేవలేదు, జాకీయే కారులోకి దిగింది. గీకి చూస్తే పైన పుట్టీ, దాని వెనక ఫైబర్ గుడ్డ, దాని వెనక న్యూస్‌పేపరు. ఇనుము మటుకు లేదు! అమ్మినాయనకి ఫోన్ చేస్తే "పాత బండి కదా సార్" అన్నాట్ట. అంతకు ముందు ఆదివారమే ఈయన భార్యనీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని ఔటర్ మీద తిరిగొచ్చారు.

అసలు పని ఎలా జరగాలో తెలిస్తే మోసపోం. ముందు సీట్లు, కార్పెట్ తీసెయ్యాలి. బ్యాటరీ తీగలు పీకి, పెట్రోలు ట్యాంకు దింపి దూరంగా పెట్టాలి. చిన్న సుత్తితో కొడుతూ పోతే మంచి రేకు ఖంగుమంటుంది, పుచ్చింది డొల్లగా పలుకుతుంది. రన్నింగ్ బోర్డ్ కోసే ముందు డోరు ఖాళీలో అడ్డంగా ఇనప పైపు వెల్డ్ చేసి బిగించాలి. ఒకసారికి ఒక పక్కే కొయ్యాలి. లేకపోతే కారు నడుం జారి, ఆ తరవాత ఎంత అతికినా డోరు సరిగ్గా పడదు. తుప్పు కనిపించినంత మేరే కాకుండా, దాన్ని దాటి మంచి ఇనుము తగిలేదాకా కొయ్యాలి. ఉన్న రేకు మందం కొలిచి అంతే మందం వాడాలి. 18 గేజ్ అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజ్ అంటే సుమారు 0.9. గ్యాస్ వెల్డింగ్ వేడికి పల్చటి రేకు వంకర్లు పోతుంది, సీఓటూ వెల్డింగ్ నయం. అది కూడా ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెడుతూ, చల్లారనిస్తూ చెయ్యాలి. పాత తుప్పు మీదే కొత్త రేకు కప్పేస్తే, తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మధ్యలో ఉబ్బి రెండిటినీ విడదీస్తుంది. చివర్న జింక్ ప్రైమరు, అతుకులకి సీలెంటు, పెట్టె లోపల మైనం. నీళ్ళు పోయే కన్నాలు తెరిచే ఉండాలి. ఇదంతా అయ్యాకే పెయింటు.

బ్రిటన్‌లో జరిగే ఎంఓటీ తనిఖీలో సస్పెన్షన్, సీటు బెల్టు లాంటివి బిగించిన చోటికి 30 సెంటీమీటర్ల లోపల బరువు మోసే ఇనుము బాగా పుచ్చి ఉంటే కారు ఫెయిల్. అక్కడ పుట్టీ, ఫైబరు పూసి తెస్తే దాన్ని రిపేరుగా లెక్కే వెయ్యరు. 40 ఏళ్ళు దాటిన, పెద్దగా మార్పులు చెయ్యని కార్లకి 2018 నుంచి ఆ తనిఖీ తప్పనిసరి కాదు. అయినా బండిని రోడ్డుకి పనికొచ్చేలా ఉంచే బాధ్యత ఓనరుదే. మనం కూడా కనీసం ఆ 30 సెంటీమీటర్ల లెక్కని సొంతంగా పెట్టుకోవచ్చు. పాత కారుకి సీటు బెల్టులు బిగించి "సేఫ్టీ" అని మురిసిపోతాం, ఆ బోల్టు దిగిన ఫ్లోరు అప్పడంలా ఉంటే బెల్టేం చేస్తుంది?

"రేకు మారిస్తే ఒరిజినాలిటీ పోతుంది కదా" అనే వాదన ఒకటుంది. 2021లో మన దేశంలో వచ్చిన వింటేజ్ నిబంధనలు కూడా 50 ఏళ్ళు దాటిన బండి అసలు రూపంలోనే ఉండాలంటాయి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్లలో మార్పులు వద్దంటాయి. నా మటుకు నాకు, అదే ఆకారంలో అదే మందం రేకు అతకడం రూపాన్ని నిలబెట్టడమే. ఫ్యాక్టరీలో ఎవరూ పెట్టని పుట్టీ ముద్దకి ఏ ఒరిజినాలిటీ ఉంది? "ఆదివారం మెల్లగా నలభైలో తిప్పుతాం అంతే" అనేవాళ్ళూ ఉన్నారు. మనం నలభైలోనే వెళ్తాం, ఎదురొచ్చే లారీకి ఆ సంగతి తెలియదు.

ఇంతకీ తప్పు మేస్త్రిది అంటే నేనొప్పుకోను. రెండు వారాల పనికి రెండు రోజుల ఎస్టిమేట్ అడిగే క్లయింటుని మనం క్యాంటీన్లో ఎంత తిట్టుకుంటాం! షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి మనమే ఆ క్లయింట్లం అయిపోతాం :) "దసరాకి బండి ఇచ్చెయ్యాలి, ఇంత దాటకూడదు" అంటాం. పెయింటు మెరిస్తే సంతోషంగా డబ్బులిస్తాం, కంటికి కనపడని వెల్డింగుకి మటుకు బేరమాడతాం. మరి ఆయన పుట్టీ పూయక ఏం చేస్తాడు? పనికి రోజు లెక్కన కూలి ఇవ్వండి. పెయింటు పడకముందే వెళ్ళి అతుకులు కళ్ళారా చూడండి, ఫోటోలు తీసి దాచుకోండి. అమ్మేటప్పుడు ఆ ఫోటోలు కొనేవాళ్ళ చేతిలో పెట్టండి. కింద బాగోలేకపోతే బాగోలేదనే చెప్పండి, ధర నాలుగు వేలు తగ్గితే తగ్గనివ్వండి. రేపు ఆ వెనక సీట్లో కూచునేది కూడా ఎవరో ఒకరి పిల్లలే కదా.