చొక్కా మీది పద్యం – చదువరి లేని అక్షరం



మొన్నటి శనివారం ప్రత్యేక తరగతికి తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒకడు నల్లని టీషర్టు ధరించి వచ్చాడు. దానిపై ఒక సమురాయ్ యోధుని ముఖచిత్రం, పక్కన నిలువుగా జపాను అక్షరాలు. "ఏమి రాసి ఉంది నాయనా?" అని అడిగాను. "తెలియదు సార్, చూడడానికి బాగుందని కొన్నాను" అన్నాడు.

ఉద్యోగరీత్యా జపాను భాష నేర్చిన మా బంధువు ఒకరికి ఆ అక్షరాల ఫొటో చూపించాను. పైన 'జిసెయి' అని ఉందనీ, అంటే మరణానికి ముందు చెప్పే వీడ్కోలు పద్యమనీ, కింది పద్యం గొలుసుకట్టు రాత కావడం వల్ల తనకూ పూర్తిగా అందలేదనీ ఆయన చెప్పారు. సంగతి తెలిసిన పిల్లవాడి తల్లి "చావు పద్యం ఒంటిమీద వేసుకోవడమా!" అని కలవరపడి ఆ చొక్కాను దాచివేసింది. ఆమె భయాన్ని నేను తప్పుపట్టను. కాని చొక్కాను దాచడం కంటె పద్యాన్ని విప్పి చెప్పడం మేలని నా అభిప్రాయం.

జిసెయి యోధుల సొత్తు మాత్రమే కాదు. జెన్ సన్న్యాసులు, కవులు కూడా రాశారు. 1180లో ఉజి వద్ద ఓడిపోయి ప్రాణం తీసుకున్న మినమోతో యోరిమస డెబ్బై దాటిన వృద్ధుడు, పేరున్న కవి. 1859లో మరణశిక్షకు గురైన యోషిదా షోయిన్ సమురాయ్ కుటుంబీకుడే గాని మనవలె బడిపంతులు. హాగి పట్టణంలో చిన్న పాఠశాల నడిపాడు. తరువాతి కాలంలో జపాను ప్రధానమంత్రి అయిన ఇతో హిరోబుమి ఆయన శిష్యుడే. ఆ గురువు చివరి రోజులలో ఇంటికి రాసిన పద్యంలో కత్తి లేదు, పౌరుషం లేదు. తన వార్త విని తల్లిదండ్రులు ఎంత తల్లడిల్లుతారో అన్న తలపు ఉంది. చొక్కా మీది ఉగ్రమైన బొమ్మ ఈ సంగతిని చెప్పగలదా?

ఇంకొక ఉదాహరణ చూడండి. 1945 మార్చిలో ఇవో జిమా దీవిలో ఓటమి అంచున ఉన్న సేనాపతి కురిబయాషి తదమిచి తన చివరి తంతిలో పద్యాలు పంపాడు. ఒక పద్యం చివర 'దుఃఖకరం' అనే అర్థం గల మాట ఉంది. పత్రికలలో అచ్చయ్యేసరికి అది 'చింతించదగినది' అనే అర్థం గల మాటగా మారింది. సేనాపతి దుఃఖించడం నాటి పాలకులకు పనికిరాలేదు. ఒక్క మాట మారితే మనిషి మారిపోయాడు. చావును ఘనమైనదిగా చూపే బొమ్మకు మన పిల్లలు లొంగకుండా ఉండాలంటే, ఆ మాటల తేడా పట్టుకోగల చదువు వారికి కావాలి. నిషేధం ఆ పని చేయలేదు.

తెలుగు ఉపాధ్యాయులకు ఇందులో మరొక సౌలభ్యం ఉంది. ఈ పద్యాలు ఎక్కువగా 31 మాత్రల తంకాలు, లేదా 17 మాత్రల హైకూలు. జపాను లెక్క మన మాత్రల లెక్కకు మిక్కిలి దగ్గర. 'టోక్యో' అన్న మాటకు వారూ నాలుగే లెక్కిస్తారు, గురువులు రెండు కనుక మనమూ నాలుగే. వారి దేశానికి వారు పెట్టుకున్న పేరు 'నిప్పొన్'. సంయుక్తానికి ముందున్న 'ని' గురువు, పొల్లుతో కూడిన 'ప్పొన్' గురువు. మళ్ళీ నాలుగే. గురులఘువులంటే మొగం తిప్పుకొనే పిల్లలు ఈ లెక్కకు తలలెత్తి కూర్చున్నారు.

ఇక మన మాట. ఆ బాలుడు జపాను అక్షరాలను అలంకారంగా ధరించినందుకు నవ్వుకొనే ముందు, మన ఇళ్ళ సంగతి ఆలోచించండి. తెలుగునాడుకు వెలుపల తరతరాలుగా ఉన్న మనం ఇంటిపేరును తెలుగులో చెక్కించి గుమ్మానికి తగిలిస్తాము. శుభలేఖను తెలుగులో అచ్చువేయిస్తాము. ఆ గుమ్మం కింద తిరిగే బిడ్డ దానిని చదవలేకపోతే, మన అక్షరానికీ చొక్కా మీది అక్షరానికీ భేదమేమి? చదువరి లేని లిపి బొమ్మగానే మిగులుతుంది.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. బిడ్డ ఏ భాష అక్షరం ధరించి వచ్చినా ముందు అర్థం అడగండి. తరువాత మన గుమ్మం మీది అక్షరాన్ని చదివించండి. ఉపాధ్యాయ మిత్రులారా, అటువంటి చొక్కా మీ తరగతికి వస్తే దానినే ఆనాటి పాఠం చేసుకోండి.

ఆ తల్లితో మాట్లాడాను. చొక్కా తిరిగి ఇచ్చింది. వచ్చే శనివారం ఆ పిల్లవాడు షోయిన్ గురించి తెలుగులో పది వాక్యాలు రాసి తేవాలి.