నడక మీది, నేల ఎవరిది?

తెల్లారగానే తార్నాక నుంచి ఉస్మానియా చెట్ల కిందికి నడకకొచ్చే అన్నలారా, అక్కలారా! తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. రోజూ ఉర్దూ పలుకుతూనే మమ్మల్ని ఎక్కణ్నుంచి వచ్చారని అడుగుతున్నారు.

మీరు నడిచే ఈ అడిక్‌మెట్ నేల మహ్‌లఖా బాయి చందా (1768–1824) జాగీరు. ఉర్దూలో దివాన్ వెలువరించిన తొలి ఆడవాళ్లలో ఆమె ఒకరు. ఆమె పేరున్న మెట్లబావి ఇఫ్లూ వైపు ఉంది. ఆమె నేల మీదే ఉర్దూలో చదువు చెప్పే యూనివర్సిటీ లేచింది, 1918లో పుట్టింది. 1948 తర్వాత ఆ చదువు గడప దాటింది. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద పెరిగిన మేమూ ఆమె పేరు మా ఇళ్లల్లో వినలేదు. తవాయిఫ్ కదా! షరీఫ్ ఖాందాన్ల పరువు ముందు కవిత్వమెంత? మా పెద్దలదీ తప్పే, ఒప్పుకుంటున్నాం.

2022లో నడిచేవాళ్లు నెలనెలా పైసలు కట్టాలన్న మాట వస్తే మీకు కోపమొచ్చింది. న్యాయమే, చెట్టు నీడకు కిరాయేంది? ఆ కోపంలో మా మాటా కలపండి. బెంచీలు, నల్లా, ఆడవాళ్లకు మరుగుదొడ్లు కావాలి. బావి దగ్గర తెలుగులో, ఉర్దూలో చందా పేరు కావాలి. బుర్ఖాలో నడిచే మా ఆపాను ఎవరూ తేరిపార చూడని బాట కావాలి.