వీడియోని మధ్యలో ఆపాలి

2019 నవంబరు 5 నుంచి 8 వరకు మన కోల్‌కతాలో భారత అంతర్జాతీయ విజ్ఞాన ఉత్సవం జరిగింది. అందులో భాగంగా సైన్స్ సిటీలో 1500 మందికి పైగా విద్యార్థులు ఒకేచోట కూర్చుని ఖగోళ భౌతికశాస్త్ర పాఠం విన్నారు, సొంత చేతులతో వర్ణపటదర్శినులు తయారుచేశారు. గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. రికార్డు సంగతి అలా ఉంచితే, విన్నది విన్నట్టే వదిలేయకుండా వెంటనే చేయించడం నాకు నచ్చింది.

మీలో చాలామంది అప్పటికి ఈ ఊళ్లో లేరు. బదిలీల పిల్లలకు ఇలాంటివి దొరకడం అదృష్టమే. మనం వచ్చేసరికి ఉత్సవం అయిపోతుంది, లేదా మనం వెళ్లిపోయాక వస్తుంది. అందుకే ఆ ప్రసంగాలూ వీడియోలూ తరగతిలోకి రావాలంటాను. కానీ పీరియడ్ మొత్తం వీడియో పెట్టేసి చివర్లో "అర్థమైందా?" అంటే, "అర్థమైంది టీచర్" అని అందరూ ఒక్క గొంతుతో అంటారు. అది పాఠం కాదు, సినిమా. సినిమాకైనా ఇంటర్వెల్ ఉంటుంది!

మూడు నాలుగు నిమిషాలు చాలు. తెల్లని కాంతి రంగులుగా విడిపోతుందని వక్త చెప్పగానే ఆపేయాలి. ఒక అట్టపెట్టె, దానికి సన్నని చీలిక, లోపల పాత సీడీ. సీడీ మీద మిల్లీమీటరుకు 600కు పైగా గీతలుంటాయి, వాటిపై పడిన కాంతి రంగులుగా విడిపోతుంది. ఫిలమెంటు బల్బును చూస్తే రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. ట్యూబులైటును చూస్తే విడివిడిగా మెరిసే గీతలు. (సూర్యుణ్ని మాత్రం దీంతో చూడనే కూడదు.) ఎందుకీ తేడా? ఈ ప్రశ్న పిల్లల నోట వచ్చాకే మిగతా వీడియో. నక్షత్రాల వర్ణపటాలకూ వాటి వేడికీ ఉన్న సంబంధాన్ని 1920లో మేఘనాద్ సాహా ఎలా తేల్చారో అప్పుడు చెవులు రిక్కించి వింటారు.

ఇందులో తెలుగు టీచరుకేం పని అనొచ్చు. ఆ ప్రసంగాలు ఎక్కువగా ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి, పిల్లలు ఆ మాటలనే తిరిగి అప్పజెబుతారు. అదే సంగతి విజయనగరంలో ఉన్న అమ్మమ్మకు ఫోనులో చెప్పమనండి. "స్పెక్ట్రమ్" అనేసి తప్పించుకోవడం కుదరదు. "గీతలెందుకొచ్చాయమ్మా?" అని ఆవిడ అడుగుతుంది. ట్యూబులోని పాదరసపు ఆవిరి కొన్ని రంగుల వెలుతురునే ఎక్కువగా ఇస్తుందని అప్పుడు తెలుగులో చెప్పాలి. మన ఇళ్లలో తెలుగు "అన్నం తిన్నావా, స్నానం చేశావా" దగ్గరే ఆగిపోతోంది. దానికి ఇంతకంటే పెద్ద పని అప్పగించాలన్నది నా పట్టు.

సి.వి. రామన్ గారి కథ మీకు దగ్గరగా ఉంటుంది. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్నారు. 1907లో ప్రభుత్వ ఆర్థికశాఖ ఉద్యోగిగా కలకత్తా వచ్చారు. రంగూన్‌కు బదిలీ, నాగపూర్‌కు బదిలీ, 1911లో మళ్లీ ఇక్కడికే. ఆఫీసు పని చూసుకుంటూనే బౌబజార్‌లోని ప్రయోగశాలలో పరిశోధనలు సాగించారు. 1928 ఫిబ్రవరి 28న ఆయన రామన్ ఫలితాన్ని చూసిందీ వర్ణపటదర్శినితోనే. మనం జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుపుకునేది ఆ తేదీనే.

ఈసారి ఆ రోజున అసెంబ్లీలో గంటసేపు వీడియో వద్దు. మూడు నిమిషాల ముక్క వేసి ఆపుదాం. తర్వాత ఇద్దరు పిల్లలు, ఒకరు బెంగాలీలో, ఒకరు తెలుగులో, అట్టపెట్టె చేతబట్టుకుని మిగతాది చెబుతారు. ఇంట్లో పాత సీడీలుంటే పారేయకండి, తెలుగు క్లాసుకు తీసుకురండి.